ఖైదీ హక్కులు, ఖైదీ భాష

(మానవ హక్కుల దినోత్సవ సభలో పాఠశాల ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)

 

డిసెంబరు 10వ తేదీని ప్రపంచమంతటను మానవ హక్కుల దినముగా జరుపుదురు. 1948లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనను ఆమోదించిన దినమది. ఈ సభలో జైళ్ళయందున్న వారి హక్కులను గూర్చి ప్రసంగింతుమని మేము చెప్పగా, ఒక మిత్రుడు "పిల్లల యెదుట జైలు మాట యేల?" అని అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. కాని తెలుగు బిడ్డకు జైలు మాట క్రొత్తది కాదు. భద్రాచల రామదాసు కథ వినని తెలుగు ఇల్లు లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు 'మాలపల్లి' నవలను వ్రాసినది జైలులోనే. దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు జైలు గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసినారని మీలో పలువు రెరుగుదురు. ఆ జైలులో ఆయనతో కూడ నుండిన వట్టికోట ఆళ్వారుస్వామి తరువాత 'జైలు లోపల' అను కథల సంపుటిని వెలువరించిరి. దేశభక్తుల సంగతి యటుంచి, సాధారణ ఖైదీల బ్రతుకులపై ఆయన దృష్టి నిలిపినారు. మా ప్రసంగము కూడ ఆ సాధారణ ఖైదీని గూర్చియే.

మన బీదరునకును ఈ చరిత్రలో ఒక పుట కలదు. అది దుఃఖకరమైన పుట. నాడు ఉద్గీరు మన జిల్లాలోనిదే. ఆ ఊరి ఆర్యసమాజ నాయకుడు శ్యామలాల్ 1938 డిసెంబరులో బీదరు జైలులో నుండగనే మరణించినారు. అది సహజ మరణము కాదని, జైలులో ఆయనను హింసించిరని ఆయన పక్షమువారు ఆరోపించిరి. మరుసటి సంవత్సరము హైదరాబాదు సంస్థానములో ఆర్యసమాజ సత్యాగ్రహము సాగి వేలకొలది జనులు జైళ్ళకు పోయినారు. నాడు సంస్థాన ప్రజకు రాజ్యాంగము లేదు. ప్రాథమిక హక్కు అను మాటయే లేదు. గోడ లోపల ఏమి జరిగినదని అడుగుటకు బయటివానికి అధికారము లేదు. నేడు అడుగుటకు అధికారము కలదు. ఆ అధికారము ఎట్లు వచ్చినది, అది ఎంతవరకు వచ్చినది, ఎక్కడ ఆగిపోవుచున్నది అనునది మేము చెప్పదలచినది.

మేము న్యాయశాస్త్రము చదివినవారము కాము. మా చదువు ఇంటర్మీడియటుతో ఆగినది. ఆ పిమ్మట బోధనా శిక్షణము, బడి. వకీలు మిత్రుల నడిగి, తీర్పులలోని సారము చెప్పించుకొని, తెలిసినంత మేరకే చెప్పుచున్నాము.

మొదట విశాఖపట్టణపు సంగతి. 1970 ప్రాంతములలో విశాఖపట్టణము సెంట్రల్ జైలులో నక్సలైటు ఖైదీలుండిరి. వారు పారిపోదురను భయముతో అధికారులు జైలు ప్రహరీ గోడపై విద్యుత్తు ప్రవహించు తీగలను అమర్చిరి. గోడ వెలుపల సాయుధ పోలీసుల విడిది పెట్టిరి. ఈ తీగలు మా ప్రాణములకు అపాయకరములని ఖైదీలు సుప్రీంకోర్టునకు అర్జీ పెట్టుకొనిరి. డి. భువనమోహన పట్నాయకు కేసని దీనికి పేరు. 1974లో తీర్పు వచ్చినది. వ్రాసినవారు జస్టిసు వై.వి. చంద్రచూడ్. ఖైదీల కోరిక నెరవేరలేదు. చట్టబద్ధమైన నిర్బంధమునుండి పారిపోవు హక్కు ఎవరికిని లేదు కనుక, పారిపోవ యత్నించువానికి మాత్రమే తగులు తీగ వలన హక్కుకు భంగము లేదని న్యాయస్థానము భావించినది. తీగలను తీసివేయుమని ఆజ్ఞాపింపలేదు.

అయినను ఆ ఓడిన కేసే ఖైదీలందరికి పెద్ద ఆస్తిగా నిలిచినది. ఏలయన, ఆ తీర్పులోనే న్యాయస్థానము రెండు మాటలు స్పష్టపరచినది. శిక్ష పడినంత మాత్రమున మనిషి తన ప్రాథమిక హక్కులన్నిటిని పోగొట్టుకొనడు అనునది మొదటిది. జైలులో నుండుట వలన సహజముగా సాగనివి మాత్రమే ఆగిపోవును. వైద్యుడు జైలులో నుండి రోగులను చూచుచు వృత్తి సాగింపజాలడు. ఇష్టము వచ్చిన ఊరికి పోజాలడు. కాని ఆస్తి కలిగియుండుటకు జైలు గోడ అడ్డు రాదు. అట్లే ప్రాణమును కాపాడుకొను హక్కు అతనితో కూడ జైలులోనికి వచ్చును. రెండవ మాట యింకను విలువైనది. ఆ తీగలు పెట్టుటకు శాఖవారి ఉత్తరువు తప్ప వేరొక చట్టము ఆధారముగా లేదని, శాఖ ఉత్తరువు చట్టము కాదని న్యాయస్థానము చెప్పినది. అనగా ఖైదీ హక్కును తగ్గింపదలచినచో 'మా పై అధికారి చెప్పినాడు' అను సమాధానము చాలదు. ఏ చట్టము, ఏ సెక్షను, చూపింపుము అని గోడ లోపలి వాడు అడుగవచ్చును. శ్యామలాల్ కాలమునకును మన కాలమునకును గల భేదము అదియే.

ప్రాణ రక్షణను గూర్చి కోయిలకుంట్ల కేసును కూడ మీరు వినవలెను. నాటి కర్నూలు జిల్లా, నేటి నంద్యాల జిల్లాలోనిది కోయిలకుంట్ల. 1977 ఏప్రిల్ నెలలో ఒక నేరారోపణపై తండ్రి కొడుకులను అక్కడి సబ్‌జైలులో ఉంచిరి. తమ ప్రాణములకు అపాయమున్నదని వారు ముందే తెలిపియుండిరి. మే 5వ తేదీ రాత్రి గడచి, తెల్లవారుజామున దుండగులు లోపల ప్రవేశించి వారి గదిలోనికి బాంబులు విసిరిరి. తండ్రి మరణించెను, కుమారుడు గాయములతో బ్రతికెను. కాపలా యుండవలసినంత లేదు. కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి నష్టపరిహారమునకు దావా వేసెను. జైలు నడుపుట సార్వభౌమాధికార కార్యము, దానిలో జరిగిన నిర్లక్ష్యమునకు ప్రభుత్వము జవాబుదారి కాదు అని ప్రభుత్వము వాదించినది. రాజుల నాటి వాదమిది. క్రింది కోర్టు దావాను కొట్టివేసెను. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పించెను. 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు దానిని నిలబెట్టి, బందీ యొక్క జీవించు హక్కు ముందర ఆ పాత వాదము చెల్లదని తేల్చినది. బాంబు పడిన నాటినుండి చివరి తీర్పు నాటికి 23 సంవత్సరములు. నాడు పుట్టిన బిడ్డ పట్టభద్రుడగు కాలము! న్యాయము వచ్చినదని సంతోషింపవలెనో, ఇంత ఆలస్యముగా వచ్చినదని చింతింపవలెనో మాకు తోచుట లేదు.

ఇక్కడ తల్లిదండ్రులలో ఎవరికైనను ఒక సందేహము కలుగవచ్చును. దొంగతనము చేసినవానికి, తల పగులగొట్టినవానికి హక్కులేమి? దెబ్బతిన్నవాని సంగతి ఎవరు చూతురు? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దెబ్బతిన్నవానికి న్యాయము జరుగవలసినదే. నేరస్థునికి శిక్ష పడవలసినదే. కాని శిక్ష ఎంతయో చెప్పువాడు న్యాయమూర్తి. ఆయన మూడేండ్ల కారాగారమన్నచో మూడేండ్లు స్వేచ్ఛ పోవుటయే శిక్ష. దానిపైన దెబ్బలు, పస్తులు, బూతులు, రోగమునకు మందు లేకుండుట, ఇవి ఏ తీర్పులోను వ్రాసియుండవు. ఎవరును విధింపని శిక్షను ఎవరో అమలుపరచుట న్యాయమెట్లగును? పోయిన హక్కులు కూడ కలవని ఒప్పుకొందము. జైలులో నున్నవానికి ఎన్నికలలో ఓటు లేదు. అది చట్టములోనే ఉన్నది.

మరియొక సంగతి. జైలులో నున్నవారందరు నేరస్థులను అభిప్రాయమే పొరపాటు. 2022వ సంవత్సరాంతమున దేశములోని జైళ్ళలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది విచారణ ముగియని వారు. అనగా నలుగురిలో ముగ్గురి నేరము ఇంకను రుజువు కాలేదు. ఆ జైళ్ళలో 4,36,266 మందికి మాత్రమే చోటున్నది. మా తరగతి గదిలో 40 మంది పట్టుచోట 52 మందిని కూర్చుండబెట్టినచో ఏమగునో మా ఉపాధ్యాయులకు తెలియును. బడి పిల్లలు సాయంకాలము ఇంటికి పోవుదురు. వీరు అచ్చటనే పడుకొనవలెను.

ఇప్పుడు మా అసలు విషయమునకు వచ్చెదము. మనము భాషాల్పసంఖ్యాకులము. హక్కు అనునది పుస్తకములో నుండిన చాలదు; అది మనిషి చెవిని చేరవలెను. చేరవలెనన్న అతనికి తెలిసిన భాషలో రావలెను. ఊరిలో నున్నవాడు భాష రాకున్నను పొరుగువాని నడిగి తెలిసికొనును. జైలులో నున్నవాడు ఎవరి నడుగును?

ఈ సంగతి సుప్రీంకోర్టునకు 1962లోనే వచ్చినది. హరికిషన్ అను నాగపూరు నివాసిని అంతకు ముందటి సంవత్సరము నివారక నిర్బంధ చట్టము క్రింద నిర్బంధించిరి. నిర్బంధమునకు కారణములను వ్రాసి ఇచ్చిరి. కాని అవి ఇంగ్లీషులో నుండెను. నాకు ఇంగ్లీషు రాదు, హిందీలో ఇప్పింపుడు అని అతడు వ్రాసి అడిగెను. ఇంగ్లీషు ఇంకను అధికార భాషయే కదా, నోటితో హిందీలో చెప్పించితిమి కదా, అది చాలును అని అధికారులు త్రోసిపుచ్చిరి. సుప్రీంకోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. రాజ్యాంగము 22వ అధికరణమున కారణములు తెలుపవలెనని యున్నది. తెలుపుట యనగా కాగితము చేతికిచ్చుట కాదు, అర్థమగునట్లు చేయుట. అర్థము కానిచో తనపై వచ్చిన నిర్బంధమును అతడు ఎట్లు ప్రశ్నింపగలడు? ఈ కారణముపై అతనిని విడుదల చేయుమని న్యాయస్థానము ఆజ్ఞాపించినది. విద్యార్థులారా, మాతృభాష యనిన పద్యములకు, పండుగలకు మాత్రమే యని తలపకుడు. ఒక మనిషికి అది జైలు తలుపు తాళపుచెవి యైనది.

మరియొకటి 1978 నాటిది. మోతీరాం అను తాపీ మేస్త్రీకి మధ్యప్రదేశములో బెయిలు లభించినది. కాని క్రింది న్యాయాధికారి పదివేల రూపాయల జమానతు అడిగెను. అతని సోదరుడు జమానతుకు ముందుకు రాగా, అతని ఆస్తి వేరొక జిల్లాలో నున్నదని అంగీకరింపలేదు. కేసు విన్న జస్టిసు వి.ఆర్. కృష్ణయ్యరు దీనిపై చాల తీవ్రముగా వ్రాసినారు. దూర దేశములో పట్టుబడిన మలయాళీగాని, కన్నడిగుడుగాని, తమిళుడుగాని, ఆంధ్రుడుగాని ఆ చోట ఆస్తిగల జామీనుదారుని ఎక్కడనుండి తెచ్చును అని ఆయన ప్రశ్నించిరి. అర్జీ ప్రాంతీయ భాషలో లేదని, జామీను పొరుగు జిల్లావాడని త్రోసివేయుటకు ఏ చట్టమున్నదనియు అడిగిరి. జమానతు మొత్తమును వేయి రూపాయలకు తగ్గించిరి.

ఇది దూరదేశపు మాట కాదు. 1956 నవంబరు 1వ తేదీన మన పాత బీదరు జిల్లా మూడు ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు తెలుగు రాష్ట్రములోనికి పోయినవి. ఉద్గీరు, అహమ్మదుపూరు, నిలంగ మరాఠీ వైపు పోయినవి. మిగిలినది మైసూరు రాష్ట్రములో చేరినది. గీత గీసినవారు దేశపటముపై గీసిరి. బంధుత్వములు గీతకు ఇరుప్రక్కల నిలిచిపోయినవి. మన పిల్లలలో ఎందరికో మేనమామ ఊరు తెలంగాణములో, తండ్రి ఊరు కర్ణాటకములో. పనికి ఇటు వచ్చువారు, అటు పోవువారు నిత్యము కలరు. వారిలో ఒకనిపై కేసు పడినచో, మోతీరాం కష్టమే అతని కష్టము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమే ఇట్టి సంగతి నొకటి చూచితిమి. మా పాఠశాలలో నాలుగవ తరగతి చదువు బాలుని తల్లి ఒక మధ్యాహ్నము కొంగున చుట్టిన కాగితము తెచ్చి మా ముందు పెట్టినది. అతని తండ్రి ఇండ్లపనికి దూరపు జిల్లాకు పోయి, మేస్త్రీతో జరిగిన కొట్లాటలో పట్టుబడి జైలులో నుండెను. కాగితము కన్నడములో నుండెను. ఆమెకు ఆ భాష చదువరాదు. బాలుడు బడిలో కన్నడ అక్షరములు నేర్చినవాడు గనుక, ప్రతి రాత్రియు ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని తల్లికి చదివి వినిపించుచుండెనట. చదువుట వచ్చెను, కోర్టు మాటలకు అర్థము వానికేమి తెలియును? తండ్రికి ఇంకను శిక్ష పెంచినారని తల్లీకొడుకులు భయపడుచుండిరి. మేము చదివి చూడగా అది బెయిలు ఉత్తరువు! వచ్చి ఐదు వారములైనది. ఆ జిల్లాలో ఆస్తిగల ఇద్దరు జామీను ఉండవలెనని షరతు. జైలులోని వానికి షరతు అర్థము కాలేదు. ఇంటివారికి బెయిలు వచ్చినట్లే తెలియలేదు. ఆమె ములాఖాతుకు ఒకసారి పోగా, నాకు తెలిసిన భాషలో మాటలాడుకొనుడు, తెలుగులో వలదు అని అక్కడి కాపలావాడు శాసించెనట. వచ్చీరాని హిందీలో నాలుగు మాటలు చెప్పుకొని, తక్కిన సమయము ఒకరి ముఖమొకరు చూచుకొనుచు కూర్చుండి వచ్చినదట. అది ఏ జైలో చెప్పుట ఇక్కడ అనవసరము. తరువాత ఉచిత న్యాయ సహాయపు వకీలు అర్జీ పెట్టి షరతును మార్పించెను. వ్యక్తిగత పూచీపై తండ్రి బయటికి వచ్చెను. ఐదు వారములు అతడు జైలులో నుండినది నేరమునకు కాదు, కాగితము చదువలేకపోయినందుకు.

ములాఖాతు భాషను గూర్చి ఈ సందర్భమున నెల్సన్ మండేలాగారి సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. దక్షిణాఫ్రికాలో ఆయన 27 సంవత్సరములు జైలులో నుండిరి. రాబెన్ ద్వీపములో చూడవచ్చిన బంధువులతో ఇంగ్లీషునగాని, ఆఫ్రికాన్స్ భాషనగాని తప్ప తమ స్వభాషలో మాటలాడరాదని కట్టడి యుండెడిది. తల్లి వచ్చినను అంతే. ఆయన మాత్రము పట్టుదలతో కావలివారి ఆఫ్రికాన్స్ భాషను నేర్చుకొనిరి. ఇది చెప్పినపుడు మేము విద్యార్థులకు రెండు సంగతులును చెప్పుచుందుము. పరుల భాషను నేర్చుకొనుట మంచిది. మనము ఈ గడ్డపై నుండి కన్నడము నేర్వకుండుట తెలివి కాదు. కాని తల్లితో మాటలాడుటకు పరుల భాష వాడుమని నిర్బంధించుట వేరు. 1955లో జెనీవాలో ఖైదీల విషయమున కనీస నియమములు కొన్ని ఏర్పరచిరి. వానిని సవరించి 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించినపుడు మండేలాగారి పేరే పెట్టినారు. జైలు నియమములను, ఖైదీ హక్కులను అక్కడివారు ఎక్కువగా మాటలాడు భాషలలో తెలుపవలెనని, ఆ భాషలు రానివానికి దుబాసీని ఏర్పరచవలెనని ఆ నియమములలో నున్నది. అవి మన కోర్టులలో చట్టమువలె నేరుగా అమలగునవి కావు. అయినను మార్గము చూపుచున్నవి.

జైలులో నుండి వ్రాయు హక్కును గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. ఇందులో మనకు గర్వకారణమైన అంశము కూడ నున్నది. బొంబాయిలో ప్రభాకర పాండురంగ సంజ్‌గిరి అను కమ్యూనిస్టు నాయకుని భారత రక్షణ నియమముల క్రింద నిర్బంధించిరి. ఆయన జైలులో కూర్చుండి మరాఠీ భాషలో ఒక గ్రంథము వ్రాసెను. రాజకీయ గ్రంథమనుకొందురేమో, కాదు, పరమాణువును గూర్చిన విజ్ఞాన గ్రంథము! దానిని అచ్చునకు పంపుటకు ప్రభుత్వము ఒప్పుకొనలేదు. నిర్బంధితునికి ప్రభుత్వము దయతో ఇచ్చిన సౌకర్యములు తప్ప వేరు హక్కులు లేవని వాదించినది. 1965లో సుప్రీంకోర్టు దీనిని త్రోసివేసి, ఆ వ్రాతప్రతిని బయటికి పంపనీయవలెనని చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు జస్టిసు కోకా సుబ్బారావుగారు. రాజమహేంద్రవరపు తెలుగు బిడ్డ, మరుసటి సంవత్సరము భారత ప్రధాన న్యాయమూర్తి యైనారు. మరాఠీ పుస్తకమునకు తెలుగు న్యాయమూర్తి తలుపు తెరచుట మన బీదరు వంటి నాలుగు భాషల ఊరిలో చెప్పుకొనదగిన సంగతి.

ఇంకొక తెలుగు న్యాయమూర్తి జస్టిసు ఓ. చిన్నప్పరెడ్డిగారు. తీహారు జైలులోని సునీల్ బత్రా తన తోటి ఖైదీని హింసించిరని ఉత్తరము వ్రాయగా, ఆ ఉత్తరమునే అర్జీగా భావించి 1979లో తీర్పు చెప్పిన ముగ్గురిలో ఆయన ఒకరు. తరువాత కర్ణాటకములో వెనుకబడిన తరగతుల కమిషనునకు అధ్యక్షులుగా నుండిరి. ఒక ఉత్తరముతో సుప్రీంకోర్టు తలుపు తెరచుకొన్నదనిన, చక్కగా ఉత్తరము వ్రాయ నేర్పుమని మేము వ్యాకరణపు తరగతిలో పట్టుబట్టుట వట్టి చాదస్తము కాదని విద్యార్థులు గ్రహింతురు గాక!

జైలు లోపల పనుల పంపకములో కులము చూచుట మన దేశపు ప్రత్యేక దుర్గుణము. ఫలానా కులమువాడు వంట చేయవలెను, ఫలానా కులమువాడు పాకీపని చేయవలెను అను రీతి నిబంధనలు అనేక రాష్ట్రముల జైలు మాన్యువళ్ళలో నిన్న మొన్నటి వరకు నిలిచియుండినవి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వానిని కొట్టివేసినది. స్వాతంత్ర్యము వచ్చిన 77 ఏండ్లకు!

పిల్లల సంగతి చెప్పకుండ ఈ ప్రసంగము ముగింపరాదు. ఆర్.డి. ఉపాధ్యాయ కేసని ఒకటి కలదు. అందులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2006 ఏప్రిలులో తీర్పు వచ్చినది. జైలులో నున్న తల్లితో ఆరేండ్లు నిండు వరకు బిడ్డను ఉండనీయవలెను. ఆ బిడ్డ ఖైదీ కాదు. దానికి పాలు, ఆహారము, వైద్యము, ఆటపాటలు, శిశుశాల ఏర్పరుపవలెను. తల్లి జైలులో నుండగా పుట్టినచో జనన పత్రములో జన్మస్థానము జైలని వ్రాయరాదు. ఊరి పేరు మాత్రమే వ్రాయవలెను. ఈ చివరి మాట మాకు మిక్కిలి నచ్చినది. బడిలో చేర్చుకొనునపుడు ఆ పత్రము చూచువారము మేమే కదా. మా ఉపాధ్యాయులకు మేము చెప్పియున్నది యిదే: తండ్రి ఏమి చేయును అని తరగతిలో పదిమంది ముందు ఏ బిడ్డను అడుగరాదు. పైన చెప్పిన బాలుడు ఐదు వారములును 'మా నాయన ఊరికి పోయినాడు' అనియే చెప్పుచుండెను.

ఇక తల్లిదండ్రులకు పనికివచ్చు సంగతులు కొన్ని. బంధువులలో ఎవరైనను అరెస్టయినచో, ఏ కారణముపై పట్టుకొనిరో అతనికి చెప్పవలెను. 24 గంటలలోపల, ప్రయాణకాలము మినహా, మేజిస్ట్రేటు ముందు హాజరు పరుపవలెను. నిర్బంధములో నున్న ఏ వ్యక్తికైనను, ధనికుడైనను పేదయైనను, 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము ఉచితముగా వకీలు లభించును. దీనికై జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ ప్రతి జిల్లాలోను, మన బీదరులోను కలదు. ఫోను సౌకర్యముగలవారు 15100 నంబరునకు పిలువవచ్చును. బెయిలు వచ్చిన పిమ్మట ఆ ఉత్తరువు ప్రతిని ఆ దినముననో మరుసటి దినముననో జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి పంపవలెనని, ఏడు దినములలో విడుదల కానిచో సూపరింటెండెంటు న్యాయసేవల సంస్థకు తెలుపవలెనని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఆదేశించినది. స్థానిక జామీనే కావలెనను పట్టుదల విడుదలకు ఆలస్యము కలిగించుచున్నదని, అట్టి చోట్ల ఆ షరతు పెట్టకుండుట మేలని అందులోనే చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారము, మొదటిసారి కేసులో చిక్కినవాడు ఆ నేరమునకు గల గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలము విచారణ ఖైదీగా గడిపినచో బెయిలుకు అర్హుడు. ఇతరులు సగము కాలము గడిపినచో. ఉరిశిక్షగాని, యావజ్జీవముగాని పడదగిన నేరములకు, ఒకటికంటె ఎక్కువ కేసులు నడుచుచున్నవారికి ఇది వర్తింపదు.

భాష విషయమున రాజ్యాంగములోని 350వ అధికరణమును మరువకుడు. మాతృభాషలో ప్రాథమిక విద్యను చెప్పు 350ఏ మన సంఘమువారికి కంఠస్థము. దానికి ముందున్నది మాత్రము ఎవరును చదువరు. తన కష్టమును తీర్పుమని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల ఏ అధికారికైనను అర్జీ పెట్టుకొనువాడు, కేంద్రములోగాని ఆ రాష్ట్రములోగాని వాడుకలో నున్న ఏ భాషలోనైనను వ్రాయవచ్చునని అందున్నది. తెలుగులో వ్రాసిన అర్జీని తెలుగులో నున్నదను కారణముతో త్రిప్పిపంపరాదు.

అర్జీ వ్రాయింపదలచినవారు శనివారము మధ్యాహ్నము బడి విడిచిన పిమ్మట మా కార్యాలయమునకు రావచ్చును. తెలుగులో వ్రాసి, ప్రక్కనే కన్నడ ప్రతియు సిద్ధపరచుటకు మా కన్నడోపాధ్యాయులు ఒప్పుకొనినారు. వచ్చునపుడు ఖైదీ పేరు, తండ్రి పేరు, పట్టుకొనిన తేదీ, పోలీసు స్టేషను పేరు, కేసు నంబరు, కోర్టు పేరు, తరువాతి వాయిదా తేదీ ఒక కాగితముపై వ్రాసికొని తీసికొనిరండు. ఏ కాగితము చేతికి వచ్చినను, చదువరాకున్నను, పారవేయక దానిని కూడ తెండు.